ఒహలా: మనుషుల్ని పంపేసి ఉంచుకున్న మాట

మా అమ్మీ నోట రేపటి సంగతి ఏదీ ఒంటరిగా వచ్చేది కాదు. "రేపు సంతకు పోతా, ఇన్షా అల్లా" అనేది. "ఈసారి పంట బాగుంటది, ఇన్షా అల్లా" అనేది. బడిలో ఒకరోజు నేనూ అలవాటు కొద్దీ ఆ మాట అనేస్తే క్లాసంతా గొల్లుమంది. "ఇక్కడ తెలుగులో మాట్లాడు" అన్నారు సారు. ఆనాటి నుంచి ఆ మాటను ఇంటి గడప లోపలే వదిలి బయటికి రావడం నేర్చుకున్నాను. దానికి దగ్గరి చుట్టం ఒకటి స్పెయిన్‌లో, చర్చి మెట్ల మీద కూడా, ఏ అనుమానమూ లేకుండా తిరుగుతోందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ మాట "ఒహలా". స్పానిష్ మాట్లాడేవాళ్లకు అది నిత్యం నోట్లో నలిగే మాట. "ఒహలా" అని మొదలుపెట్టి వాన మాట ఎత్తితే "వాన పడితే బాగుండు" అని అర్థం. దాని వెనక వచ్చే క్రియ జరిగిన సంగతి చెప్పే రూపంలో ఉండదు, కోరికను చెప్పే రూపంలో ఉంటుంది. ఆ క్రియ వర్తమానంలో ఉంటే ఇంకా ఆశ ఉన్నట్టు. ఒక మెట్టు వెనక్కి జరిగితే, అది అయ్యే పని కాదని లోపల తెలిసినట్టు. మరో మెట్టు జరిగితే "ఆ రోజే తెలిసి ఉంటే ఎంత బాగుండేది" అనే బాధ. ఎవరైనా "మీవాడికి ఉద్యోగం వస్తుందిలే" అంటే ఒక్క "ఒహలా" చాలు. నీ నోటి మాట నిజం కావాలి అని.

ఇది ఎక్కడిదో స్పెయిన్ రాయల్ అకాడమీ నిఘంటువే చెబుతుంది. అక్కడి ముస్లింలు మాట్లాడిన అరబ్బీలోని "లౌ షా అల్లా". దేవుడు తలిస్తే అని. "ఇన్షా అల్లా"లోని "ఇన్" జరగడానికి వీలున్నదానికి వాడతారు. "లౌ"లో సందేహం ఎక్కువ. అందుకే మాట ఇచ్చేటప్పుడు ఇన్షా అల్లా, ఆశపడేటప్పుడు ఒహలా. పాత స్పానిష్‌లో దీన్ని "ఒషలా" అనేవాళ్లు. పక్కనున్న పోర్చుగీసులో ఇప్పటికీ అలాగే అంటారు.

ఈ మాట గాలికి కొట్టుకొచ్చింది కాదు. 711లో తారిఖ్ సేన జలసంధి దాటింది. 1492 జనవరి 2న గ్రెనడా లొంగిపోయింది. మధ్యలో దాదాపు ఎనిమిది వందల ఏళ్లు. అదంతా స్వర్ణయుగమని నేననను. యుద్ధాలున్నాయి, జులుములున్నాయి. కానీ కాలువను "అసేకియా", నూనెను "అసేయితే", పత్తిని "అల్గొదోన్", తాపీ మేస్త్రీని "అల్బాన్యిల్" అనడం ఆ కాలపు అరబ్బీ నుంచే వచ్చింది. "దాకా" అనే చిన్న మాట "ఆస్తా" కూడా అరబ్బీ "హత్తా" నుంచి వచ్చిందే. ఇలాంటి మాటలు ఒకే వీధిలో కలిసి బతికితేనే అబ్బుతాయి.

గ్రెనడా లొంగినప్పుడు మతాన్నీ ఆచారాల్నీ ముట్టుకోమని ఒప్పందం రాశారు. పదేళ్లకే, 1502లో, కాస్తీల్ రాజ్యమంతటా బాప్టిజమో, దేశం విడవడమో తేల్చుకోమన్నారు. మారినవాళ్లకు "మొరిస్కోలు" అని పేరు పెట్టారు. మారినా నమ్మలేదు. 1567లో రెండవ ఫిలిప్ రాజు శాసనం వచ్చింది. మూడేళ్లలో స్పానిష్ నేర్చుకోవాలి, ఆపైన ఇంట్లోనైనా అరబ్బీ మాట్లాడితే నేరం. వేషం, పేర్లు, స్నానశాలలు అన్నీ నిషేధమే. ఫ్రాన్సిస్కో నూన్యెజ్ ములే అనే వృద్ధ మొరిస్కో అర్జీ పెట్టుకున్నాడు. భాషకూ మతానికీ ముడిపెట్టకండి, మాల్టాలో క్రైస్తవులూ అరబ్బీయే మాట్లాడతారు కదా అన్నాడు. ఎవరూ వినలేదు. 1568లో తిరుగుబాటు వచ్చింది, అణిచేశారు. 1609 నుంచి 1614 వరకు దాదాపు 3 లక్షల మందిని దేశం దాటించారు.

విషాదమేమంటే, వాళ్లలో చాలామందికి అప్పటికే అరబ్బీ రాదు. స్పానిష్‌నే అరబ్బీ లిపిలో రహస్యంగా రాసుకునేవాళ్లు. 1884లో అల్మొనాసిద్ దె లా సియెర్రా అనే ఊళ్లో ఒక పాత ఇంట్లో దాచిపెట్టిన అలాంటి పుస్తకాలు బయటపడ్డాయి. భాష మార్చుకున్నారు, పేరు మార్చుకున్నారు. అయినా పొమ్మన్నారు. శాసనానికి దొరకనిది ఒహలా ఒక్కటే. అప్పటికది అందరి మాటైపోయింది.

మాటలు కలిసినంత మాత్రాన మనుషులకు చోటు దొరుకుతుందని ధీమా పడకూడదని నాకు స్పెయిన్ చెప్పింది. మన తెలుగులోనూ రైతు, అసలు, కబురు, తారీఖు, జవాబు అరబ్బీ మూలం ఉన్నవే. పారశీకం మీదుగా, ఉర్దూ మీదుగా వచ్చి ఇంటి మాటలయ్యాయి. తెలుగులో మాట్లాడమన్న ఆ సారు రోజూ పొద్దున పిలిచింది "హాజరు". అదీ ఆ దారిన వచ్చిందే. ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

తెలిశాక ఇప్పుడేమనాలి? ఈ గడ్డ మీద మాకూ చోటుంటే బాగుండు అని ఒహలా పాడాలా? నేను పాడను. ఆశపడాల్సిన సంగతి కాదిది. దీనికి తెలుగులో వేరే మాట ఉంది: హక్కు. అదీ అరబ్బీ నుంచి వచ్చిందే, అదీ అచ్చంగా మన తెలుగు మాటే.