మూత్రనాళ, మూత్రపిండ ఎండోమెట్రియోసిస్

గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట పెరిగితే అది ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో సుమారు 19 కోట్ల మంది స్త్రీలకు ఈ జబ్బు ఉంది. వీరిలో మూత్రవ్యవస్థకు పాకేది నూటికి ఒకరిద్దరికే. అందులో మూత్రాశయానిది పెద్ద వాటా, తరువాతది మూత్రనాళం. నేరుగా కిడ్నీలో పుట్టడం బహు అరుదు. అయినా కిడ్నీని పోగొట్టేది ఎక్కువగా మూత్రనాళపు జబ్బే. పొత్తికడుపులో గట్టిపడిన మచ్చ నాళాన్ని బిగించేస్తే పైన మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది. ఎడమవైపు ఇది ఎక్కువ.

వియన్నాలో రోకిటాన్‌స్కీ 1860లో రాసినదే ఈ జబ్బుకు తొలి వర్ణన అని చాలా గ్రంథాలు చెబుతాయి. మూత్రనాళంలో దీన్ని 1917లో అమెరికా వైద్యుడు థామస్ కల్లెన్ గుర్తించాడు. బహిష్టు రక్తం అండవాహికల గుండా వెనక్కి పారడమే కారణమని జాన్ శాంప్సన్ 1927లో సిద్ధాంతం చేశాడు. కిడ్నీలోని కణజాలం గురించి 1943లో విక్టర్ మార్షల్ రాశాడు. శాంప్సన్ సిద్ధాంతం కిడ్నీ దాకా సరిపోదు. రక్తం, శోషరసం ద్వారా కణాలు చేరతాయన్న వాదన అందుకే వచ్చింది. కిడ్నీలో గడ్డ కనిపిస్తే క్యాన్సరనుకుని కిడ్నీనే తీసేయడం, సూక్ష్మదర్శిని కింద చూశాక అసలు సంగతి తెలియడం చాలాకాలం సాగింది.

నెలసరి రోజుల్లో నడుం పక్క నొప్పి, మూత్రంలో రక్తం వస్తే అనుమానించాలి. చాలామందిలో ఆ ఆనవాళ్లూ ఉండవు. రెండో కిడ్నీ బాగుంటే రక్త పరీక్షలో క్రియాటినిన్ కూడా మామూలుగానే వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కిడ్నీ జబ్బనగానే ఆ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం గుర్తుకొస్తుంది, రక్త పరీక్షతోనే తేల్చుకోవాలనిపిస్తుంది. ఉద్దానం జబ్బు రెండు కిడ్నీలనూ లోపలినుంచి తినేస్తుంది. ఎండోమెట్రియోసిస్ వల్ల వచ్చేది సాధారణంగా ఒకవైపు నాళానికి పడే అడ్డు, తొలగించదగినది. ఆ తేడా పట్టించేది అల్ట్రాసౌండ్ స్కానింగే. కానీ చీటీ మీద ‘పెల్విస్’ అని మాత్రమే రాస్తే గర్భసంచి, అండాశయాలు చూసి ఊరుకోవచ్చు. చేతిలోని పరికరాన్ని రెండు పక్కలకూ జరిపితే కిడ్నీ వాపు నిమిషాల్లో కనబడుతుంది. అడ్డు ఎక్కడుందో ఎంఆర్‌ఐ, సీటీ యూరోగ్రామ్ చెబుతాయి; ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో డీటీపీఏ స్కాన్ చెబుతుంది. నిర్ధారణకు లాపరోస్కోపీయే ప్రామాణికమన్న పాత మాటను యూరప్ సంతాన వైద్య సంఘం 2022 మార్గదర్శకాల్లో పక్కన పెట్టింది. అయితే చిత్రాల్లో ఏమీ కనబడనంత మాత్రాన జబ్బు లేదనలేమని కూడా అదే చెప్పింది.

మన రాష్ట్రంలో మరో చిక్కు ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇక్కడి 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. అప్పట్లో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. గర్భసంచి పోతే నెలసరి ఆగుతుంది, దానితోపాటు నెలనెలా వచ్చే ఆనవాలూ పోతుంది. నాళాన్ని బిగించిన మచ్చ మాత్రం అక్కడే ఉంటుంది. హార్మోన్ మాత్రలు నొప్పి తగ్గించగలవు గానీ గట్టిపడిన మచ్చను కరిగించలేవు. నాళాన్ని విడిపించడమో, దెబ్బతిన్న ముక్క తీసి మూత్రాశయానికి తిరిగి కలపడమో చేయాలి. దానికి గైనకాలజిస్టు, యూరాలజిస్టు ఇద్దరూ ఒకచోట ఉండాలి. విజయనగరం జిల్లా రామతీర్థం వాసులకు దగ్గరి బోధనాసుపత్రి తమ మండల కేంద్రమైన నెల్లిమర్లలోనే ఉంది. ఇంకా పెద్దది కావాలంటే 1923లో మొదలైన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది.

ఎండోమెట్రియోసిస్ ఉందని తేలినవారు, నొప్పి ఉన్నా లేకపోయినా, స్కానింగ్‌కు వెళ్లినప్పుడు కిడ్నీలు కూడా చూడమని అడగాలి.