నగల పెట్టె నుంచి క్యాన్సర్ ఆసుపత్రుల దాకా

1931లో మెహర్‌బాయి టాటా వేల్స్‌లోని ఒక నర్సింగ్ హోంలో ల్యుకేమియాతో కన్నుమూశారు. భర్త సర్ దొరాబ్జీ టాటాకు అప్పటికి డెబ్బై దాటాయి. పిల్లల్లేరు. మరుసటి ఏడు మార్చిలో ఆయన తన వాటాలు, స్థిరాస్తులు, భార్య నగలు అన్నీ కలిపి ఒక ట్రస్టుకు రాసిచ్చేశారు. ల్యుకేమియా పరిశోధన కోసం ఆమె పేరిట ఇంకో ట్రస్టు పెట్టారు. జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఆమె సమాధి చూడటానికి వెళ్తూ దారిలోనే, జర్మనీలో, పోయారు.

ఆ నగల్లో జూబిలీ వజ్రం కథ వేరే చెప్పుకోవాలి. 1895లో దక్షిణాఫ్రికా గనిలో దొరికింది. సానబెట్టాక 245 క్యారెట్లు తూగింది, ఇప్పటి కోహినూరుకు రెట్టింపు పైనే. 1924లో జంషెడ్‌పూర్ ఉక్కు కంపెనీకి జీతాలివ్వడమే గగనమైతే, దొరాబ్జీ ఈ వజ్రంతో సహా సొంత ఆస్తి ఇంపీరియల్ బ్యాంకులో కుదువపెట్టి కోటి రూపాయలు తెచ్చారు. కంపెనీ నిలదొక్కుకుంది, వజ్రం ఇంటికొచ్చింది. ఆయన పోయాక దాన్ని అమ్మేసి ఆ సొమ్ము ట్రస్టులో కలిపారు.

తిరుమలలో శాశ్వత అన్నదానానికి డబ్బు కట్టినవారికి ఈ ట్రస్టు నడిచే పద్ధతి కొత్తేమీ కాదు. అసలు జోలికి పోరు, దాని మీద వచ్చేదాంతోనే పంక్తి నడుస్తుంది. ఇక్కడ అసలులో పెద్ద భాగం టాటా కంపెనీల మాతృసంస్థ టాటా సన్స్ వాటాలు. కంపెనీ పెరిగేకొద్దీ డివిడెండూ పెరిగింది. అదే సొమ్ము 1932లో బ్యాంకులో వేసి వదిలేసి ఉంటే ధరలు ఎప్పుడో మింగేసేవి. ఇవాళ టాటా ట్రస్టులన్నిటికీ కలిపి టాటా సన్స్‌లో 66 శాతం వాటా ఉంది.

బొంబాయి పరేల్‌లో దొరాబ్జీ ట్రస్టు కట్టిన టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941 ఫిబ్రవరి 28న 80 పడకలతో తెరుచుకుంది. నన్నడిగితే ఆ ట్రస్టు చేసిన అసలైన తెలివైన పని ఆసుపత్రి కట్టడం కాదు, దాన్ని పట్టుకు వేలాడకపోవడం. 1957లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆసుపత్రిని తీసుకుంది, 1962లో అది అణుశక్తి శాఖ కిందికి వెళ్లింది. ఆ శాఖను నడిపిన హోమీ భాభాకు మెహర్‌బాయి స్వయానా మేనత్త. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే క్యాన్సర్ ఆసుపత్రికి ఈ మేనల్లుడి పేరే పెట్టారు. పరేల్ ఆసుపత్రి రోజువారీ ఖర్చు సర్కారు నెత్తికెత్తుకోవడంతో ట్రస్టుకు మరో చోట మొదలుపెట్టే వెసులుబాటు దొరికింది.

ఆ అవసరమూ ఉంది. దేశమంతా పరేల్‌కే వస్తే పడకలు ఎన్నని చాలుతాయి? కీమోకూ కీమోకూ మధ్య ఊరెళ్లి రాలేని కుటుంబాలు ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీదే గిన్నెలు, మూటలు, రిపోర్టుల కవర్లు సర్దుకుని రోజులు వెళ్లదీస్తాయి. మందు ఉచితంగా దొరికినా అద్దె, తిండి, పోయిన కూలి ఎవరిస్తారు? అందుకే ట్రస్టులు వైద్యాన్నే రోగి ఊరి దగ్గరికి తీసుకెళ్లే పనిలో పడ్డాయి. అస్సాంలో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కట్టిన ఏడు క్యాన్సర్ ఆసుపత్రులు 2022 ఏప్రిల్‌లో ఒకే రోజు ప్రారంభమయ్యాయి.

మరుసటి నెలలోనే తిరుపతి వంతు వచ్చింది. తితిదే ఇచ్చిన 25 ఎకరాల్లో టాటా ట్రస్టులు కట్టిన ఆసుపత్రి అది. వెల్లూరుకో చెన్నైకో పరుగెత్తే చిత్తూరు, కడప జనానికి దగ్గర్లోనే ఒక ఆసరా.

అయితే భవనం, యంత్రాలు ఒకసారి పెట్టే ఖర్చు. డాక్టర్ల జీతాలు, మందుల బిల్లులు నెలనెలా వస్తాయి. వాటిని డివిడెండు ఒక్కటే మోయలేదు. అందుకే తెలుగు రాష్ట్రాల్లో క్యాన్సర్ ఆసుపత్రుల బిల్లింగ్ కౌంటర్ దగ్గర మొదట అడిగేది పేదల వైద్య ఖర్చు భరించే సర్కారు పథకం కార్డు ఉందా అనే.