కొబ్బరి కొమ్ముపురుగు: సముద్రము దాటిన శత్రువు

కోనసీమ కొబ్బరితోటలలో కొన్ని చెట్ల ఆకులు ఎవరో కత్తెరతో విసనకఱ్ఱ ఆకారమున కత్తిరించినట్లు కనబడును. ఇది కొమ్ముపురుగు చేసిన పని. మొవ్వులో ఇంకను విచ్చుకొనని లేత ఆకును ఈ పురుగు అడ్డముగా తొలుచును. కాగితమును మడతలు పెట్టి, ఒకచోట కత్తిరించి విప్పినచో రెండు ప్రక్కల ఒకే విధమైన కోత కనబడును గదా! ఆకు విచ్చుకొనునపుడు జరుగునదియు అదే. మన తోటలలో నష్టము కలిగించు ఈ పురుగే పసిఫిక్ దీవులకు చేరి, అచ్చటి ప్రజల జీవనాధారమునకే ముప్పు తెచ్చెను. ఆ చరిత్ర విద్యార్థులు తెలిసికొనదగినది.

కొమ్ముపురుగు పెంకుపురుగుల వర్గమునకు చెందినది. నల్లని దేహము, సుమారు 4 సెంటీమీటర్ల పొడవు, తలపై వెనుకకు వంగిన కొమ్ము దీని గుర్తులు. 1758లో లిన్నేయస్ దీనికి ఖడ్గమృగము పేరే పెట్టెను. నేడు దీని శాస్త్రీయ నామము ఒరిక్టిస్ రైనోసిరాస్. ఇందు మొదటి మాటకు గ్రీకు భాషలో 'త్రవ్వునది' అని అర్థము. ఆడపురుగు పచ్చని చెట్టుపై గ్రుడ్లు పెట్టదు. పెంటకుప్పలలోను, క్రుళ్ళుచున్న కొబ్బరి మ్రానులలోను పెట్టును. అచ్చట పుట్టిన తెల్లని డింభకములు క్రుళ్ళిన పదార్థమును తినుచు నెలల తరబడి పెరుగును. బ్రతికిన చెట్టు జోలికి పోవు. రెక్కలు వచ్చిన పురుగు మాత్రమే రాత్రివేళ ఎగిరి మొవ్వును చేరును. కనుక చెట్టుపై కనబడు నష్టమునకు మూలము నేలపైనున్న కుప్పలో ఉన్నది.

దీని స్వస్థలము దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతములు. 1909లో సింహళము నుండి సమోవా దీవులకు రబ్బరు మొక్కలు తెప్పించిరి. వాటి వెంట కొమ్ముపురుగు కూడ దిగెను. అప్పుడు పశ్చిమ సమోవా జర్మనుల ఏలుబడిలో నుండెను. ఆ దీవులలో కొబ్బరియే ఆహారము, పానీయము; ఎండుకొబ్బరి అమ్మగా వచ్చిన ధనముతోనే ప్రజలు బయటి వస్తువులు కొనుచుండిరి. పురుగులను, డింభకములను ఏరి తెమ్మని ప్రభుత్వము గ్రామస్థులను ఆజ్ఞాపించెను. అయినను పురుగు అంతరింపలేదు. 1921లో అది టోంగా రాజ్యములోని న్యువాటొపుటాపు అను దీవికి చేరెను. ఆ దీవి చాల చిన్నది కనుక, పురుగు పెరుగు చోట్లన్నిటిని శుభ్రపరచి 1930 నాటికి దానిని నిర్మూలింపగలిగిరి. పెద్ద దీవులలో ఇది సాధ్యపడలేదు. 1942లో పురుగు పలావు దీవులకు చేరగా, పదేండ్లలో అచ్చటి కొబ్బరిచెట్లలో సుమారు సగము నశించెను. 1953లో ఫిజీలో కనబడెను.

స్వస్థలములో ఇంతటి వినాశము జరుగకుండ, ఈ దీవులలోనే ఏల జరిగెను? పురుగు ఓడ దిగినది గాని, స్వస్థలములో దానిని అదుపులో నుంచు శత్రువులన్నియు దాని వెంట దిగలేదు. శాస్త్రజ్ఞులు ఆ శత్రువులను వెదకసాగిరి. తూర్పు ఆఫ్రికా నుండి స్కోలియా జాతి కందిరీగలను సమోవాకు తెచ్చి విడిచిరి. చెప్పుకొనదగిన ఫలితము కలుగలేదు. 1963లో ఆలోయిస్ హ్యూగర్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు మలయా దేశమున ఈ పురుగునకు వచ్చు రోగములను పరిశీలించుచు, అంతవరకు ఎవరును ఎరుగని ఒక వైరసును కనుగొనెను. 1967లో మార్షల్ అను శాస్త్రజ్ఞుడు దానిని సమోవాలో ప్రవేశపెట్టెను.

ఈ వైరసు పనిచేయు విధము వింతయైనది. అది సోకిన డింభకము చచ్చును. పెద్ద పురుగు మాత్రము వెంటనే చావదు. వైరసు దాని ప్రేగులలో వృద్ధి పొందుచుండగా, కొన్ని వారములు ఎగురుచునే యుండును. ఆ కాలములో అది చేరిన ప్రతి కుప్పలోను మలము ద్వారా వైరసును విడుచును. జత కూడినప్పుడు ఇతర పురుగులకు అంటించును. మనిషి ఎక్కలేని చెట్టుకు, చూడని కుప్పకు రోగిష్ఠి పురుగే రోగమును మోసికొనిపోవును. సమోవాలో పురుగుల సంఖ్య, చెట్లకు కలుగు నష్టము బాగుగా తగ్గెను. తరువాత ఫిజీ మొదలగు దీవులలోను, 1980 దశకమున మన లక్షదీవులలోని మినికాయ్‌లోను ఈ వైరసును విడిచిరి.

కథ ఇంతటితో ముగియలేదు. 2007లో కొమ్ముపురుగు గువాము దీవిలో కనబడెను. పూర్వము పనిచేసిన వైరసు అచ్చట పనిచేయలేదు. ఈ పురుగులు వైరసును తట్టుకొను వేరొక తెగకు చెందినవని పరిశోధనలో తేలెను. 2013లో హవాయిలోను, 2015లో సాలమన్ దీవులలోను ఈ తెగ పురుగులు బయటపడెను. వీటిని లొంగదీయగల వైరసు రకము కొఱకు శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు.

రేవులలో మొక్కలను, మట్టిని తనిఖీ చేయు నిబంధనలు కొందరికి వట్టి చిక్కుగా తోచవచ్చును. 1909లో కొన్ని రబ్బరు మొక్కలతో వచ్చిన పురుగుతో శతాబ్దము దాటినను పోరు తీరలేదు. తోటలో క్రుళ్ళిన మ్రానును తొలగించుట, పెంటకుప్పను తిరుగవేసి డింభకములను ఏరివేయుట వంటి పాత పద్ధతులకు నేటికిని విలువ తగ్గలేదు. వైరసు విఫలమైనచోట కూడ ఆ పనులు విఫలము కావు.