ఒడిలో కడ్డీ, భుజాన కాడి

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, మేము రాయలవారిని గురించో, కోలారునేలిన గంగరాజులను గురించో వ్రాస్తామని వారు తలచి ఉంటారు. ఆ పనికి మాకంటె చదువుకున్నవారు రాబర్ట్‌సన్‌పేటలో చాలామంది ఉన్నారు. మేము మెట్రిక్యులేషనుతో ఆగి రైల్వేలో గుమాస్తాగా చేరినవాళ్లము. మాకు తెలిసినవి చక్రాలు, పట్టాలు, ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. అందుచేత ఎక్కినవాళ్లను పడిపోకుండా పట్టి ఉంచే ఒక ఇనుప కడ్డీ చరిత్రను వ్రాస్తున్నాము. రోలర్ కోస్టరు బండిలో మన ఒడిమీదికి దించుతారే, ఆ కడ్డీ.

దీనికి కారణం మా బావగారు. పోయిన వేసవి సెలవులకు ఆయన, మా అక్కయ్య, పదేండ్ల కూతురు చిత్తూరునుంచి వచ్చినారు. మా నాయనను కూడా వెంటబెట్టుకొని అందరము ఒక వినోదశాలకు పోయినాము. పిల్ల పట్టుబట్టగా రోలర్ కోస్టరు దగ్గర గంటసేపు వరుసలో నిలబడినాము. తీరా బండిలో కూర్చున్నాక, అక్కడి కుర్రవాడు మా బావగారి ఒడిమీది కడ్డీని ఒకసారి నొక్కినాడు, రెండుసార్లు నొక్కినాడు, మూడోసారి మరియొకరిని పిలిచి ఇద్దరూ కలిసి నొక్కినారు. బావగారిది కొంచెం పెద్ద శరీరము. కడ్డీ పొట్టమీదనే ఆగిపోయింది. "సార్, మీరు దిగాలి" అన్నాడు కుర్రవాడు. వరుసలో ఉన్నవాళ్లంతా చూస్తుండగా, కూతురి ముందర, ఆయన దిగిపోయినారు. తిరిగి రైలులో బంగారుపేట వచ్చేదాకా నోరు విప్పలేదు. "డబ్బు పుచ్చుకొని అవమానం చేస్తారా?" అని మాత్రం ఇంటికి వచ్చినాక అక్కయ్యతో అన్నారట.

ఆ కుర్రవాడు చేసినది న్యాయమా, అన్యాయమా అని తెలుసుకోబోతే ఈ చరిత్ర బయటపడింది.

రోలర్ కోస్టరు వేడుకకు అసలు మూలాలలో ఒకటి, మనకు సంతోషము కలిగించే విధంగా, గనుల రైలే. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రములో మాక్ చంక్ అనే ఊరు ఉండేది. ఇప్పుడు దాని పేరు జిమ్ థోర్ప్. అక్కడ 1827లో కొండమీది బొగ్గును 9 మైళ్ల దూరము క్రిందికి దించడానికి పట్టాలు వేసినారు. బండ్లు వాలుమీద తమంతట తామే జారి వచ్చేవి. ఖాళీ బండ్లను తిరిగి పైకి లాగడానికి కంచరగాడిదలు కావాలి గనుక, వాటిని కూడా దిగేటప్పుడు బండ్లలోనే ఎక్కించేవారు. కొన్నాళ్లకు ఆ గాడిదలు క్రిందికి నడిచి రావడానికి మొరాయించినవట! ఎక్కేవారి ఇష్టాయిష్టాలకు చరిత్రలో దొరికే మొదటి సాక్ష్యము ఇదే అని మా అభిప్రాయము. 1872లో బొగ్గు రవాణాకు సొరంగము దారి ఏర్పడినాక, ఆ పాత దారిని పూర్తిగా యాత్రికుల వేడుకకే విడిచిపెట్టినారు. 1933 దాకా అది నడిచింది.

ఆ గనిదారిని చూసి లామార్కస్ థాంప్సన్ అనే ఆయన 1884లో న్యూయార్కు దగ్గర కోనీ ఐలండులో ఒక చిన్న జారుడు రైలు కట్టినాడు. టిక్కెట్టు 5 సెంట్లు, వేగము గంటకు సుమారు 6 మైళ్లు. మన మారికుప్పం ప్యాసింజరు ప్లాట్‌ఫారము వదిలేటప్పుడు ఉండే వేగమన్నమాట. దానిలో బల్లలమీద ప్రక్కకు తిరిగి కూర్చొనేవారు. కట్టి ఉంచవలసిన అవసరమే లేదు.

అవసరము వచ్చినది మిట్టలు ఎత్తయి, పల్లాలు లోతయినాక. ఇక్కడ ఒక సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. బండి వేగంగా మిట్ట ఎక్కి ఒక్కసారిగా క్రిందికి వంగినప్పుడు, పట్టాలు బండిని క్రిందికి త్రిప్పుతాయి గాని, మన శరీరానికి మాత్రం ఇంకా పైకి, ముందుకు పోవాలనే ఉంటుంది. పీట క్రిందికి పోతుంది, మనము గాలిలో మిగులుతాము. బండికి కూడా అదే గతి. మన రైలుబండి చక్రానికి లోపలి అంచు ఒక్కటే ఉంటుంది. పట్టా అడుగున పట్టుకొనేది ఏదీ లేదు. బరువే దానిని పట్టామీద నిలుపుతుంది. రోలర్ కోస్టరుకు అది చాలదని, పట్టా అడుగున కూడా నడిచే చక్రాన్ని జాన్ మిల్లర్ అనే అమెరికను 1919లో పేటెంటు చేసినాడు. బండిని పట్టాకు పట్టి ఉంచేది ఆ అడుగు చక్రము. మనిషిని బండికి పట్టి ఉంచేది ఒడి కడ్డీ. 1907లో కోనీ ఐలండులోనే కట్టిన డ్రాప్ ది డిప్ అనేది ఆ కడ్డీ పెట్టిన మొదటివాటిలో ఒకటి.

పాతకాలపు కడ్డీ ఇద్దరికి ఒక్కటే. లావుపాటి మామగారి ప్రక్కన బక్కపలుచని అల్లుడు కూర్చుంటే, కడ్డీ మామగారి తొడలమీద ఆగుతుంది. అల్లుడు ప్రతి మిట్టమీదను జానెడెత్తు లేస్తాడు. ఇది లోపమని మనము అనుకొంటాము గాని, అలా లేవడమే పరమానందమని కోరి వచ్చేవారు నేటికిని ఉన్నారు. తరువాత ఎవరి కడ్డీ వారికే వచ్చింది. పండ్లచక్రముతో టిక్కు టిక్కుమని బిగిసేది ఒక రకము. దానిమీద ఎక్కేవారి ఫిర్యాదు ఏమనగా, దారిలో కుదుపుకు ఇంకొక పన్ను బిగిస్తే మళ్లీ స్టేషను చేరేదాకా తొడలు నలగవలసిందే. నూనె ఒత్తిడితో పనిచేసేది మరొక రకము; చప్పుడు లేదు, ఎంతవరకు దించితే అంతవరకు నిలుస్తుంది. చప్పుడు వినబడితేనే ధైర్యమనేవారు దీనిని నమ్మరు. మా అక్కయ్య ఆ జాతి.

ఇక కాడి సంగతి. 1975లో కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫారములో ఆరో కంపెనీవారి కార్క్‌స్క్రూ మనుషులను మరమేకు చుట్లవలె రెండుసార్లు తలక్రిందులుగా త్రిప్పింది. ఒడి కడ్డీ చాలదని భుజాల మీదుగా ఎద్దుకు కాడి వేసినట్లు ఒక చట్రము వేసినారు. చూడడానికి భద్రంగా ఉంటుంది. బండి అటూ ఇటూ కుదిపినప్పుడు చెవులు, చెంపలు దానికి తగిలి నొప్పి పెడతాయి. పొట్టివారికి మరీ బాధ.

తలక్రిందులు కావాలంటే కాడి తప్పదా? సరిగ్గా మరుసటి సంవత్సరమే, అనగా 1976లో, అదే కాలిఫోర్నియాలో మ్యాజిక్ మౌంటెనులో రివల్యూషన్ అనే బండి వచ్చింది. జర్మనులు అంటన్ ష్వార్జ్‌కోఫ్, వెర్నర్ స్టెంగెల్ దానిని చేసినారు. నిలువుగా పూర్తి చుట్టు తిరుగుతుంది, అయినా ఉన్నది ఒడి కడ్డీ ఒక్కటే! చెంబులో నీళ్లు పోసి చేతితో గిరగిర త్రిప్పితే బొట్టు క్రింద పడదు. మనమందరము చిన్ననాడు చేసినదే. తగిన వేగముంటే చుట్టులో మనిషి పీటకే అదుముకొని ఉంటాడు. 1895లో కోనీ ఐలండులోనే ఫ్లిప్ ఫ్లాప్ అనే బండి చుట్టు తిరిగింది గాని, చుట్టు అచ్చమైన వృత్తము కావడంచేత ఎక్కినవారి మెడలు పట్టేసేవి. స్టెంగెల్ దానిని కన్నీటిబొట్టు ఆకారానికి మార్చినాడు.

అటువంటి రివల్యూషనుకు కూడా తరువాత భుజాల కాడి తగిలించినారు. ఎక్కేవారికి అది నచ్చలేదు. చివరికి 2016లో కాడి తీసివేసి మళ్లీ ఒడి కడ్డీయే పెట్టినారు. ఈలోగా 2000లో ఒహాయోలోని సీడార్ పాయింటులో 310 అడుగుల ఎత్తు మిలెనియం ఫోర్స్ కూడా, ఒడి కడ్డీ, ఒక బెల్టుతోనే నడవసాగింది. చూడడానికి భయపెట్టే చుట్టుకంటె, సాదాగా కనబడే మిట్టకే పట్టు ఎక్కువ కావాలి. ఆ పట్టు ఉండవలసినది భుజాన కాదు, తొడలమీద.

మా బావగారి సంగతి ఇక్కడ తేలుతుంది. 2004లో మాసచూసెట్స్ రాష్ట్రములో ఒక పెద్ద రోలర్ కోస్టరు నుంచి ఒక మనిషి జారిపడి మరణించినాడు. స్థూలకాయము వల్ల కడ్డీ అతని తొడలమీదికి సరిగా దిగలేదని విచారణలో తేలింది. 2013 జూలైలో టెక్సాసులో మరియొక బండినుంచి ఒక స్త్రీ పడి మరణించగా, ఆ బండికి కడ్డీ మెత్తలు మార్చి, బెల్టులు చేర్చి రెండు నెలలకు తిరిగి నడిపినారు. మెత్తటి పొట్ట మిట్టమీద అణిగిపోతుంది, కడ్డీకి మనిషికి నడుమ సందు ఏర్పడుతుంది. తొడ ఎముక అణగదు. ఆ కుర్రవాడు మూడుసార్లు నొక్కి దించివేయడంలో తప్పు లేదు. చెప్పిన తీరు కొంచెం మెత్తగా ఉండవచ్చును.

మన దక్షిణాదిలో ఇవన్నీ ఈమధ్య వచ్చినవే. బిడది దగ్గర వండర్‌లా 2005లో, హైదరాబాదులోనిది 2016లో తెరిచినారు. అక్కడి రికాయిల్ అనే బండి ముందుకు తిరిగిన చుట్లనే వెనక్కి కూడా తిరుగుతుంది. మన పేటనుంచి పిల్లలు సెలవులకు పోయి వస్తూనే ఉన్నారు.

మా నాయన మాత్రం ఆ రోజు ఏ బండీ ఎక్కలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా ఆయన ఛాంపియన్ రీఫ్‌లో పనిచేసినవాడు. సుమారు 3,200 మీటర్ల లోతుకు పోయిన గని అది. ఒక్క కేజిలో అడుగు చేరలేరు, దిగి మరొకటి ఎక్కాలి. "కడ్డీ ఏమిరా, కాడి ఏమిరా! మేము నిలబడి పోయేవాళ్లము. భుజానికి భుజం ఆనించి నిలబడితే ప్రక్కవాడే కడ్డీ" అంటాడు. కేజిలో కడ్డీ అక్కరలేకపోవడానికి కారణము ధైర్యము కాదు, తాడు. యంత్రము దగ్గర కూర్చున్న మనిషి కేజిని మెల్లగా వేగము పెంచి దించుతాడు గనుక నేల పాదాలను విడిచి పోదు. ఆయన తొందరపడిన రోజున కడుపులో జిల్లుమనేదని నాయన కూడా ఒప్పుకొంటాడు.

ఇదంతా మేము బావగారికి ఉత్తరములో వ్రాసినాము. జవాబు లేదు. తరువాతి నెల చిత్తూరు వైపు ఒక జాతరలో అందరము కలిసినాము. పిల్ల రంగులరాట్నము ఎక్కుతానన్నది. తొట్టికి అడ్డంగా గొలుసు, దానికి ఒక కొక్కెము. బావగారు కూతురితో ఎక్కి కూర్చొని, కొక్కెము పట్టుకొని రెండుసార్లు లాగి చూసినారు. రెండోసారికి అది ఊడి చేతికి వచ్చింది. రాట్నమువాడు "ఏమీ కాదండీ, ఎన్నేండ్లనుంచో త్రిప్పుతున్నాము" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లు విసుక్కొంటున్నారు. బావగారు పిల్లను చంకన వేసుకొని దిగివచ్చి, దానికి ఒక బెలూను కొని ఇచ్చినారు.