నకలు, అచ్చు: ఒక పాట వేయి ప్రతులైన కథ

తాటియాకుల గ్రంథమునకు మొదటి ప్రతి వ్రాయుటకు ఎంత శ్రమ కావలెనో, నూరవ ప్రతి వ్రాయుటకును అంత శ్రమయే కావలెను. అచ్చుయంత్రము సంగతి వేరు. అక్షరములు కూర్చుటకు కాలము పట్టును గాని, ఒకసారి కూర్చిన పిమ్మట వేయి ప్రతులైనను వెంటవెంటనే వెలువడును. ధ్వనిని నిలువచేయు సాధనముల చరిత్రలోను ఈ రెండు మార్గములే కనబడుచున్నవి. ఒకటి నకలు తీయుట, రెండవది అచ్చు వేయుట. ఈ రెంటిలో దేనిని ఎన్నుకొనవలెనన్న ప్రశ్న ఫోనోగ్రాఫు నాటినుండి కాంపాక్ట్ డిస్కు వరకు మరల మరల తలయెత్తినది.

1877లో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టెను. తిరుగుచున్న స్థూపమునకు తగరపు రేకు చుట్టి, దానిపై ధ్వని కంపనములను సూదిమొనతో గుర్తులుగా నొక్కుట ఇందలి సూత్రము. 1888 నాటికి ఆయన రేకునకు మారుగా మైనపు స్థూపమును వాడసాగెను. ఒక్కొక్క స్థూపము సుమారు రెండు నిమిషములు పలికెడిది. అయితే ఒక చిక్కు గలదు. ఆ పాటకు మరియొక ప్రతి కావలెనన్న గాయకుడు మరల పాడవలసినదే!

ఆ రోజులలో గాయకుని ఎదుట కొన్ని యంత్రములను వరుసగా అమర్చెడివారు. ఒకసారి పాడినచో యంత్రమునకు ఒకటి చొప్పున స్థూపములు సిద్ధమగును. వానిని తీసి, క్రొత్తవి పెట్టి, మరల పాడించెడివారు. అమెరికాలోని వర్జీనియాలో పుట్టిన నల్లజాతి గాయకుడు జార్జి జాన్సన్ 1890 ప్రాంతమున ఈ పనిలో ప్రవేశించెను. నవ్వుచు పాడు పాట యొకటి, ఈల వేయుచు పాడు పాట యొకటి ఆయనకు పేరు తెచ్చినవి. అదే నవ్వును అదే తీరున దినమునకు ఎన్నో మారులు నవ్వవలసి వచ్చెడిది. పాడిన ప్రతిసారికి కూలి దొరకెడిది.

ఒక స్థూపముపై సూదిని నడిపి, ఆ కదలికను మీటల ద్వారా మరియొక స్థూపముపై చెక్కు యంత్రములు కూడ వచ్చినవి. కాని సూది రాపిడికి మూలస్థూపము అరిగిపోయెడిది. నకలులో ధ్వని కొంత చెడును. నకలుకు నకలు తీసినచో మరింత చెడును.

ఈ చిక్కును మొదలంట తొలగించినవాడు ఎమిల్ బెర్లినర్. ఆయన 1851లో జర్మనీలోని హనోవర్ నగరమున జన్మించి, అమెరికాకు వలస వెళ్లెను. 1888 మే 16న ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో తన గ్రామఫోనును ప్రదర్శించెను. ఆయన ఎన్నుకొన్నది స్థూపము కాదు, బల్లపరుపు పళ్లెము. తుత్తునాగపు పళ్లెముపై పలుచని మైనపు పూత పూయుదురు. సూది పూతను గీసినచోట లోహము బయటపడును. దానిని క్రోమికామ్లములో ఉంచగా అచ్చట మాత్రమే గాడి ఏర్పడును. దీనిపై విద్యుత్తు సహాయమున మరియొక లోహమును పేర్చి విడదీసినచో, గాడులకు బదులు గట్లు గల ఎదురచ్చు లభించును. దానిని వేడికి మెత్తబడిన పదార్థముపై గట్టిగా నొక్కినచో చాలును, ప్రతి సిద్ధము. ఇందుకు మొదట గట్టి రబ్బరును, పిమ్మట లక్క కలిపిన మిశ్రమమును వాడిరి. ప్రతులు అమ్ముడుపోయినకొలది గాయకులకు రాబడి ముట్టగలదని ఆనాటి ఉపన్యాసములోనే బెర్లినర్ సూచించుట గమనింపదగినది.

స్థూపమును అచ్చు వేయుట అంత సులభము కాదు. దాని చుట్టును గాడి ఉండుటచే అచ్చునుండి బయటికి లాగుట కష్టము. కరిగిన మైనము చల్లారునపుడు కుంచించుకొనును. ఈ గుణము ఆధారముగా ఎడిసన్ 1902లో అచ్చు స్థూపములను అంగడికి తెచ్చెను. ఇక ఒక్కసారి పాడిన చాలును. వినువారికి ఇది లాభమే. కాని పాడిన ప్రతిసారికి కూలి తీసుకొను జాన్సన్‌కు పని పోయెను. 1905 ప్రాంతమున ఆయన మిత్రుడైన గాయకుడు లెన్ స్పెన్సర్ తన కార్యాలయమున ద్వారము కాచు ఉద్యోగ మిచ్చెను. జాన్సన్ 1914లో మరణించెను.

అచ్చు పద్ధతిలో పాట ఒకచోట, ప్రతులు మరియొకచోట తయారు కావచ్చును. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలను హనోవర్‌లో అచ్చు వేసి, మరల ఓడలపై మనదేశమునకు తెచ్చిరి. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలసిన పిమ్మట ఈ దూరభారము తగ్గినది.

1982 ఆగస్టు 17న హనోవర్ చెంతనే గల లాంగెన్‌హాగెన్‌లో కాంపాక్ట్ డిస్కుల ఉత్పత్తి ఆరంభమైనది. వస్తువు క్రొత్తదైనను మార్గము బెర్లినర్‌దే. గాజు పళ్లెముపై లేజరు కిరణముతో గుర్తులు వ్రాసి, దానినుండి నికెలు ఎదురచ్చు తీయుదురు. దానితో పాలికార్బనేటు ప్లాస్టికును గుంటలతో పోతపోసి, అల్యూమినియపు పూత పూయుదురు. ఒక్కొక్క డిస్కుకు పట్టునది కొన్ని సెకనులే. దీనిని వ్యాపారస్థులు రెప్లికేషన్ అందురు.

1988లో జపానులోని తైయో యుడెన్ సంస్థ వ్రాయుటకు వీలగు డిస్కును తయారుచేసెను. ఇందు రంగు ద్రవ్యపు పొర యుండును. లేజరు వేడికి ఆ పొర మారినచోట వెలుతురు తక్కువగా పరావర్తనము చెందును. ఇట్లు ఖాళీ డిస్కులపై ఒక్కొక్కటిగా వ్రాయుట డూప్లికేషన్. నకలు మార్గము మరల వచ్చినదన్నమాట. కాని పూర్వపు లోపము పోయినది. ఇచ్చట నకలు తీయబడునవి అంకెలు. సరిగా వ్రాసినచో మూలమునకు, నకలుకు ధ్వనిలో భేదముండదు.

మరి ఏది ఎన్నుకొనవలెను? లెక్క కొరకు అచ్చు సిద్ధపరచుటకు 10,000 రూపాయలు, ఆపై ప్రతికి 10 రూపాయలు అనుకొందము. నకలుకు ప్రతికి 30 రూపాయలు అనుకొందము. 100 ప్రతులకు నకలు ఖర్చు 3,000, అచ్చు ఖర్చు 11,000. 500 ప్రతులకు రెండును 15,000. 1,000 ప్రతులకు నకలు 30,000, అచ్చు 20,000. కావున ధరలు మారినను సూత్రము మారదు. కొద్ది ప్రతులకు నకలు, ఎక్కువ ప్రతులకు అచ్చు.

మన్నిక కూడ చూడవలెను. రంగు ద్రవ్యము ఎండకు, వేడికి క్రమముగా చెడును. అచ్చు డిస్కులోని గుర్తు ప్లాస్టికులోని గుంట. ఎండకు అది వెలిసిపోదు. అయినను పూత చెడినచో ఆ డిస్కు కూడ పలుకదు.

పాటలు అంతర్జాలమున చేరుచున్న నేడు డిస్కుల వాడుక తగ్గినది. అయినను నకలు మార్గమునకు ఒక గుణము గలదు. నూరుమంది శ్రోతలే గల గాయకుడు కూడ తన పాటను ప్రతులుగా పంచగలడు. అందుకై జాన్సన్ వలె నూరు మారులు పాడనక్కరలేదు.