బొహోల్ ద్వీపం – నెత్తుటి ఒడంబడిక, ఎనభై అయిదేళ్ళ ధిక్కారం



నేను బడిలో తెలుగు చెప్పినవాడిని. సాంఘికశాస్త్రం మాస్టారు సెలవు పెట్టిన రోజున ఆ పీరియడు నా నెత్తిన పడేది. అట్లా ఒకనాడు ఎనిమిదో తరగతి గోడకు ఆసియా పటం తగిలించి దేశాల పేర్లు చదివిస్తున్నాను. ఫిలిప్పైన్స్ దగ్గరకు వచ్చేసరికి, అది స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ పేరు మీదుగా వచ్చిన పేరని చెప్పాను. వెనుక బల్ల నుంచి ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, ఆ రాజులు వెళ్ళిపోయారు కదా, ఇంకా ఆ పేరెందుకు ఉంచుకున్నారు?" అని అడిగాడు. "అలవాటయిపోయింది నాయనా" అని అప్పటికి తప్పించుకున్నాను. ఆ మాట నాకే నచ్చలేదు. ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికి ఆ దేశ చరిత్ర చదువుతుండగా, ఆ ప్రశ్నకు కొంత సమాధానం ఒక ద్వీపంలో దొరికింది. దాని పేరు బొహోల్. ఆ సంగతులే ఈ టపాలో వ్రాస్తున్నాను.

ఫిలిప్పైన్స్ ఏడు వేలకు పైబడిన ద్వీపాల దేశం. వాటి నడుమ, విసాయాస్ అనే భాగంలో, సెబు ద్వీపానికి తూర్పున ఉన్నది బొహోల్. అది ఒక ద్వీపమూ, ఒక రాష్ట్రం వంటి పాలనా విభాగమూను. ముఖ్యపట్టణం తగ్బిలారన్. నడిమి భాగంలో వెయ్యికి పైగా సున్నపురాతి గుట్టలు బోర్లించిన గిన్నెలవలె వరుస తీరి ఉంటాయి. వేసవిలో వాటి మీది గడ్డి ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. అందుచేత వాటికి చాక్లెట్ కొండలన్న పేరు వచ్చింది. యాత్రికులు చూసేది వాటినే. ఆ కొండల నడుమనే మూడు తరాలు ఒక సామ్రాజ్యానికి తల వంచకుండా బ్రతికాయన్నది తక్కువమందికి తెలిసిన విషయం.

1521లో మాజెల్లాన్ సెబు పక్కనున్న మక్తాన్ ద్వీపంలో స్థానికుల చేతిలో హతుడయ్యాడు. మిగిలిన నావికులు మూడు ఓడలను నడపడానికి చాలక, ఒక ఓడను బొహోల్ తీరం దగ్గరే తగులబెట్టి వెళ్ళిపోయారు. 1543లో వచ్చిన విల్యాలోబోస్, అప్పటికి ఇంకా యువరాజుగానే ఉన్న ఫిలిప్ పేరును అక్కడి కొన్ని దీవులకు పెట్టాడు. తరువాత ఆ పేరు ద్వీపసమూహం మొత్తానికి పాకింది. ఇక నిజంగా కాలు మోపినవాడు మిగెల్ లోపెస్ దె లెగాస్పి. 1564 నవంబరులో మెక్సికో తీరం నుంచి బయలుదేరి, 1565 మార్చిలో బొహోల్ చేరాడు. ఓడలను చూసి జనం పారిపోయారు. కారణం ఉన్నది. కొద్ది సంవత్సరాల క్రితమే పోర్చుగీసువారు, తెర్నాతే ద్వీపంవారు వచ్చి స్నేహం నటించి దోచుకొని పోయారు. తాము వేరే జాతివారమని ఒక బోర్నియో నావికుని నోట చెప్పించి లెగాస్పి వారిని నమ్మించాడు.

అప్పుడు జరిగినదే ప్రసిద్ధమైన నెత్తుటి ఒడంబడిక. సికతునా అనే స్థానిక నాయకుడు, లెగాస్పి, ఇద్దరూ తమ ఒంటి నుంచి కొంచెం నెత్తురు తీసి, మద్యంలో కలిపి, ఒకరిది ఒకరు త్రాగారు. ఆ ఆచారాన్ని వారి భాషలో సందుగో అంటారు. ఒకే నెత్తురు అని దాని అర్థం. మన భాషలో రక్తసంబంధమంటే పుట్టుకతో వచ్చేది. వారి ఆచారంలో అది చేసుకునేది, చేసుకున్న తరువాత పుట్టుకతో వచ్చినంత గట్టిది. ఈ ఒక్క తేడాను మనసులో ఉంచుకుంటే తరువాతి మూడు వందల యేండ్ల చరిత్ర బాగా బోధపడుతుంది. సికతునా తనకొక అన్నదమ్ముడు దొరికాడనుకున్నాడు. లెగాస్పి తన రాజుకొక లోబడిన ప్రాంతం దొరికిందనుకున్నాడు. త్రాగిన పాత్రలు సమానమే, అర్థాలు వేరు.

లెగాస్పి మరుసటి నెలలో సెబుకు వెళ్ళాడు. 1571లో మనీలాను రాజధాని చేశాడు. 1596లో జెసూయిట్ మతగురువులు బొహోల్‌కు వచ్చి బక్లాయోన్, లోబోక్ వంటి చోట్ల స్థిరపడ్డారు. చెదురుమదురుగా ఉన్న పల్లెలను చర్చి చుట్టూ చేర్చి ఊళ్ళు కట్టించడం అప్పటి పాలనా పద్ధతి. చర్చి గంట వినిపించేంత దూరంలో ప్రజలు ఉండాలన్నది నియమం. గంట వినబడేచోట ఉన్నవాడు పన్ను కట్టాలి. పదహారు నుంచి అరవై యేండ్ల మగవాడయితే ఏడాదికి 40 రోజులు వెట్టి చేయాలి. గంట వినబడనిచోటికి, అంటే కొండల్లోకి, పోయినవాడు పారిపోయినవాడి క్రింద లెక్క.

మొదటి ధిక్కారం 1621లో వచ్చింది. తంబ్లోత్ అనే స్థానిక పూజారి పాత దేవతల వద్దకు తిరిగి రండి, పన్నులూ ఉండవు, చర్చీ ఉండదు అని పిలుపునిచ్చాడు. జెసూయిట్లు ఒక ఉత్సవం కోసం సెబుకు వెళ్ళిన సమయమది. రెండువేల మంది అతని వెంట నడిచారు. 1622 ఆరంభంలో సెబు నుంచి సేన వచ్చి దానిని అణచివేసింది. ఆ సేనలో స్పానిష్ సైనికులు ఏ యాభై మందో, మిగిలిన వెయ్యికి పైబడినవారు పొరుగు ద్వీపాల స్థానికులే. లోబోక్, బక్లాయోన్ ఊళ్ళవారు తంబ్లోత్ పక్షం చేరలేదు. ద్వీపం ఒక్కమాట మీద ఉన్నదని నేను వ్రాస్తే అది అబద్ధమవుతుంది. వలసపాలన ఎక్కడైనా మన చేతులతోనే మన వ్రేళ్ళను విరుస్తుంది.

రెండవ ధిక్కారానికి కారణం ఒక శవం. 1744లో ఇనబంగా అనే ఊరిలో ఫ్రాన్సిస్కో దగోహోయ్ అనే గ్రామాధికారి ఉండేవాడు. అతని తమ్ముడు ప్రభుత్వం తరఫున ఒక వ్యక్తిని పట్టుకోబోయి, ఆ పెనుగులాటలో మరణించాడు. మొరాలెస్ అనే జెసూయిట్ గురువు ఆ మరణాన్ని ద్వంద్వయుద్ధంలో పోయిన చావుగా లెక్కించి, క్రైస్తవ ఖననం కుదరదన్నాడు. శవం మూడు రోజులు కుళ్ళిందని చెబుతారు. చివరకు అన్నగారే పూడ్చుకున్నాడు. పన్ను అడిగారు, కట్టాడు. వెట్టి అడిగారు, చేయించాడు. మతం మారమన్నారు, మారాడు. ఆ మతం తమ్మునికి ఇవ్వవలసిన ఆరడుగుల నేల ఇవ్వలేదు. అనాథ ప్రేతానికి సంస్కారం చేసినవాడికి కోటి యజ్ఞాల పుణ్యమని మన పెద్దలంటారు. ఆ మాట విని పెరిగిన నాకు, దగోహోయ్ కోపం అర్థం కావడానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేకపోయింది. సందుగో మాట నిజమైతే చచ్చినవాడు వారికీ అన్నదమ్ముడే కదా!

మూడువేల మంది అతని వెంట కొండలెక్కారు. మొరాలెస్ తరువాత వారి చేతిలో హతుడయ్యాడు. కొండల్లో వారు గుహలను, అడవులను ఆసరా చేసుకొని ఊళ్ళు కట్టుకున్నారు, పొలాలు దున్నుకున్నారు, తమ కట్టుబాట్లు తాము చేసుకున్నారు. సెబు బిషప్పు రాయబారం నడిపాడు, ఫలించలేదు. 1768లో జెసూయిట్లను వెళ్ళగొట్టి వేరే సంఘపు గురువులను తెచ్చారు. వారు నచ్చజెప్పబోయినా దిగిరానివారే ఎక్కువ. సుమారు ఇరవై మంది గవర్నర్ జనరళ్ళు మారారు. దగోహోయ్ కూడా పోయాడు. కొండమీద పుట్టిన పిల్లలు పెద్దవారై, వారికి పిల్లలు పుట్టారు. వారెవ్వరూ గంట వినలేదు.

ఇక్కడ మనకొక చిన్న చుట్టరికం ఉంది. 1762లో మన చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఇంగ్లీషు నౌకాదళం మనీలాను పట్టుకుంది. కోట రెండు వారాలైనా నిలువలేదు. ఆ దళంతో వెళ్ళిన సిపాయిలలో కొందరు 1764లో ఇంగ్లీషువారు తిరిగి వచ్చినప్పుడు రాకుండా, మనీలా దగ్గర కయింతా అనే ఊరిలో ఉండిపోయారు. వారి సంతతివారు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. రాతిగోడలూ ఫిరంగులూ ఉన్న రాజధాని పన్నెండు రోజులలో లొంగిన ఆ సంవత్సరానికి, బొహోల్ కొండలవారు పద్ధెనిమిదేళ్ళుగా లొంగకుండానే ఉన్నారు. ఇంకా అరవై ఏడేళ్ళు ఉండబోతున్నారు.

చివరకు రికాఫోర్త్ అనే గవర్నర్ జనరల్ 1827లో రెండువేలకు పైబడిన సేనను పంపాడు. అది చాలక మరుసటి యేడు మరొక సేన వచ్చింది. 1829 ఆగస్టు 31తో పోరాటం ముగిసింది. సైన్యాధికారి వ్రాసిన లెక్క ప్రకారం యుద్ధంలో 395 మంది చనిపోయారు, 98 మందిని దేశాంతరం పంపారు, 19,420 మంది లొంగిపోయారు. లొంగినవారిని క్షమించి, బతువాన్, బిలార్, కతిగ్బియన్, బలిలిహాన్ వంటి కొత్త ఊళ్ళలో దింపారు. మళ్ళీ గంట వినబడే దూరంలోనే.

పుస్తకాలు దీనిని తిరుగుబాటు అంటాయి. మన దొరల రికార్డులలోనయితే పితూరీ అనేవారు. తెలుగు పండితుణ్ణి కాబట్టి మాట దగ్గర ఆగుతాను. తిరుగుబాటు అంటే ఉన్న పాలన మీద తిరగబడడం. ఎనభై అయిదేళ్ళలో కొండమీద పుట్టిన పిల్లవాడికి ఆ పాలన ఎప్పుడున్నది, తిరగబడడానికి? వాడి దృష్టిలో 1829లో జరిగినది తిరుగుబాటు అణచివేత కాదు, తన దేశం మీద దండయాత్ర.

1854లో బొహోల్ సెబు నుంచి విడివడి ప్రత్యేక పాలనా విభాగమయింది. 1886లో హువాన్ లూనా అనే చిత్రకారుడు నెత్తుటి ఒడంబడికను పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశాడు. సికతునా రూపానికి నమూనాగా కూర్చున్నవాడు హొసే రిజాల్. పదేళ్ళకు, 1896లో, స్పెయిన్‌వారే రిజాల్‌ను కాల్చి చంపారు. ఆ యేడే కతిపునన్ విప్లవ సంఘ నాయకుడు బోనిఫాసియో తన వ్యాసంలో సికతునా ఒడంబడికను గుర్తుచేసి, మాట తప్పినవారు స్పెయిన్‌వారే కాబట్టి ఇక మనకు బాధ్యత లేదన్న వాదన చేశాడు. లెగాస్పి దస్తావేజుగా వాడుకున్నదానిని ఇతడు ఎదురు దస్తావేజుగా చూపించాడు.

స్పెయిన్ పోయింది గాని స్వాతంత్ర్యం రాలేదు. 1898 డిసెంబరు సంధిలో అమెరికా రెండు కోట్ల డాలర్లిచ్చి ఆ ద్వీపాలను తీసుకుంది. 1900 మార్చిలో అమెరికా సేన తగ్బిలారన్‌లో దిగింది. పెద్రో సామ్సన్ నాయకత్వాన బొహోల్‌వారు గెరిల్లా పోరు చేశారు. ఊళ్ళు తగులబడ్డాయి. 1901 డిసెంబరులో సామ్సన్ లొంగిపోయాడు. 1942 మేలో జపాను సేన వచ్చింది, 1945 ఏప్రిల్ దాకా ఉన్నది. 1946 జూలై 4న దేశం స్వతంత్రమయింది.

తరువాత బొహోల్‌వాడొకడు దేశాధ్యక్షుడయ్యాడు. కార్లోస్ గార్సియా 1896లో తలిబోన్‌లో పుట్టాడు. కొంతకాలం బడిపంతులు, మాతృభాషలో కవి. ఈ రెండు కారణాల చేత ఆయన మీద నాకు కొంచెం పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకుంటున్నాను. 1957 నుంచి 1961 వరకు అధ్యక్షుడుగా ఉండి, వ్యాపారంలో స్వదేశీయులకు మొదటి స్థానమన్న విధానం తెచ్చాడు. దాని వలన కొందరు పలుకుబడి గలవారే బాగుపడ్డారన్న విమర్శ వచ్చింది, 1961 ఎన్నికలలో ఓడిపోయాడు కూడా. అయితే అమెరికా సైనిక స్థావరాలకు 99 యేండ్లకు వ్రాసి ఇచ్చిన కౌలును 25 యేండ్లకు తగ్గించే అంగీకారం 1959లో ఆయన కాలంలోనే కుదిరింది. సికతునా ద్వీపంవాడు ఈసారి ఒడంబడికను జాగ్రత్తగా చదివాడని నేననుకుంటాను.

2013 అక్టోబరు 15న 7.2 తీవ్రతతో భూకంపం వచ్చి బొహోల్‌లోని పాత రాతి చర్చిలు కూలాయి. ఇనబంగా దగ్గర నేల చీలి, ఒక పక్క గోడలాగా పైకి లేచింది. చర్చిలు కూలినందుకు జనం ఏడ్చారు, చాలావాటిని మళ్ళీ కట్టుకున్నారు. తంబ్లోత్, దగోహోయ్ సంతతివారేనా వీరు అని మొదట ఆశ్చర్యపోయాను. తరువాత తోచింది. దగోహోయ్ అడిగింది చర్చి కూలాలని కాదు, తన తమ్మునికి అందులో చోటు కావాలని. ఇప్పుడది వారి చర్చి. అందులో ఎవరిని పూడ్చాలో చెప్పే విదేశీయుడు లేడు.

నేడు విదేశీ ప్రముఖులకు ఆ దేశం ఇచ్చే గౌరవ బిరుదు సికతునా పేరు మీద ఉన్నది. 1953లో దానిని నెలకొల్పారు. బొహోల్ పటం తెరిచి చూస్తే సికతునా అని ఒక ఊరు, దగోహోయ్ అని ఒక ఊరు, అధ్యక్షుడు గార్సియా పేరిట ఒక ఊరు కనిపిస్తాయి. చేయి కలిపినవాడు, చేయి విదిలించుకున్నవాడు, కౌలు తగ్గించినవాడు, ముగ్గురూ ఒకే పాలనా విభాగంలో ఊళ్ళయి ఉన్నారు.

ఆ వెనుక బల్ల పిల్లవాడు ఇప్పుడు నడివయసువాడై ఉంటాడు. ఎక్కడైనా ఎదురుపడితే చెప్పవలసినది ఇది: నాయనా, దేశం పేరు మార్చలేదన్నమాట నిజమే. అయితే పటం మీద పెద్ద అక్షరాలొక్కటే చదివించి ఊరుకున్నాను. చిన్న అక్షరాలు కూడా చదివించవలసింది.

సెలవు.