దమ్మక్క పందిరి, కర్నాక్ స్తంభాలు

 

"మీకు గుళ్లెక్కడివి? గుడి లేనోళ్లకు చరిత్రేంది?" కాలేజీలో మాకు ఎదురైన మాట ఇది. అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఈజిప్టు పాఠం చదివాక దొరికింది.

నైలు ఒడ్డున కర్నాక్ గుడిలో ఒక్క మండపంలోనే 134 రాతి స్తంభాలు. నడుమ ఉన్న 12 స్తంభాలు దాదాపు 21 మీటర్ల ఎత్తు. వాటి తలలు విచ్చుకున్న పపైరస్ పువ్వుల్లా, మిగతావి మొగ్గల్లా చెక్కారు. ఎందుకంటే అక్కడి మొదటి గుళ్లు రెల్లుతో, చాపలతో కట్టినవే. రాయి వచ్చినా వాళ్లు ఆ రెల్లును మర్చిపోలేదు.

మరి మన భద్రాచలం? స్థలపురాణం ప్రకారం పుట్టలో ఉన్న విగ్రహాలను ముందు చూసింది పోకల దమ్మక్క, మన ఆదివాసీ ఆడబిడ్డ. తాటాకు పందిరి వేసింది, తాటిపండు నైవేద్యం పెట్టింది. 17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న రాతిగుడి కట్టించింది ఆ తర్వాతే. ఖజానా సొమ్ము వాడాడని తానీషా ఆయన్ని గోల్కొండలో ఖైదు చేయించాడు. రామదాసు చెర గురించి అందరికీ తెలుసు. దమ్మక్క పందిరి గురించి ఎంతమందికి తెలుసు?

ఈజిప్టు గుడిలో లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తవుతుంది, కప్పు కిందికి దిగుతుంది, వెలుతురు తగ్గుతుంది. చివరి చీకటి గదిలోకి రాజు, పూజారులే పోవాలి. మామూలు జనం పండగనాడు కూడా బయటి ముంగిలి దాకే.

మేడారంలో విగ్రహం లేదు, గద్దెలే. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి కన్నెపల్లి నుంచి సారలమ్మను, చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కోయ వడ్డెలు తెస్తారు. గుట్ట మీద అమ్మ ఉండే చోటికి వాళ్లే పోతారు, మనం కింద ఆగుతాం. అంటే మనకు గర్భగుడి లేక కాదు. గుట్టే గర్భగుడి, అడవే ప్రాకారం. గద్దెల దగ్గర మాత్రం అమ్మ అందరి ముందుకొస్తుంది. జాతర అయ్యాక మళ్లీ వనంలోకే పోతుంది.

రాతిగుడికి శాసనం ఉంటుంది. తాటాకు పందిరికి పెద్దల మాటే శాసనం. ఆ పెద్దలు పోతే అది కూడా పోతుంది. అందుకే ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి వేల్పు ఏ చెట్టు కింద, ఏ గుట్ట మీద ఉందో తాతల్ని, అవ్వల్ని అడిగి రాసుకోండి. చెప్పకూడదన్నది రాయొద్దు, అడగకుండా ఫోటో తీయొద్దు. మేమూ ఆ పనిలోనే ఉన్నాం.